భగీరథుడి మొండిమొక్కలు

నీళ్ళు చాలక పోయిన ప్రాణాల గురించి లోకం చాలా బాధపడుతుంది. నీళ్ళు ఎక్కువై పోయిన ప్రాణాల గురించి వరదలొచ్చినప్పుడు తప్ప ఎవరూ నోరెత్తరు. అందుచేత, నీళ్ళు పోసి కూడా చంపవచ్చుననే సంగతి మా వీధి భగీరథుడికి రిటైరయ్యాక, అదీ సొంత మేడమీద, మొదటిసారి తెలిసిందంటే ఆయన్ని తప్పుపట్టడానికి లేదు.

భగీరథుడు ఆయన అసలు పేరు కాదు. నీళ్ళ ఆఫీసులో వాల్వులు తిప్పే ఉద్యోగం చేసేవాడు కాబట్టి జనం పెట్టిన బిరుదు. ఆకాశగంగను దించినవాడికి ఎంత శ్రమైందో మనకు లెక్కలు లేవు గాని, ఈయన శ్రమ మాత్రం అందరూ చూశారు. తెల్లవారుజామునే మనిషెత్తు ఇనప తాళంచెవిని సైకిలుకు కట్టుకుని బయల్దేరేవాడు. వీధి మొగలో రోడ్డు మధ్య మూత తీసి, చెవిని లోపలికి దించి, రెండు చేతులా తిప్పేవాడు. నేల అడుగున ఎవరో గొంతు సవరించుకున్నట్టు చప్పుడయ్యేది. వెనకే వీధి పొడుగునా బిందెలూ బకెట్లూ మోగేవి. ముందు నీళ్ళొచ్చిన వీధివాళ్ళు ఆయనకు దండం పెట్టేవాళ్ళు. చివర వచ్చిన వీధివాళ్ళు ఆయన వంశాన్ని ఏడు తరాల దాకా స్మరించేవాళ్ళు. రెండింటికీ ఆయన ఒకేలా తల ఊపేవాడు. స్థితప్రజ్ఞత కొందరికి గ్రంథాల వల్ల వస్తుంది, కొందరికి కుళాయిల వల్ల.

ఇంతటివాడి ఇల్లు పైపులైను కొట్టకొసన ఉండేది. దీపం కిందే చీకటన్న సామెతను పైపులతో నిరూపించిన ఇల్లు అది. కుళాయిలోంచి నీళ్ళు దారప్పోగులా వచ్చేవి. వాల్వు చేతిలో ఉన్నవాడు తన వీధికి ఇంకొక్క చుట్టు తిప్పుకుంటే అడిగేవాడెవడు? కానీ ఆయన తిప్పుకోలేదు. సొంత వీధికి ఎక్కువ వదిలాడన్న మాట పడకూడదని, ఉండవలసిన దానికన్నా అర చుట్టు తక్కువే తిప్పేవాడు. ఊళ్ళో ఆయన నిజాయితీకి మంచి పేరుండేది. ఆ పేరు ఖరీదు ఇంట్లో కుళాయి కింద బిందె పెట్టి, చేతులు కట్టుకుని నిలబడే మనిషికి తెలుసు.

ఆ మనిషి ఆయన భార్య. ఊరికి టైలరమ్మ. కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని, వీధిలో పుట్టిన ప్రతి పిల్లకీ గౌను కుట్టి, ఆ పిల్లల పిల్లలకు కూడా కుట్టేదాకా తొక్కుడు ఆపలేదు. ఆవిడకు రెండు ఆస్తులు. మొదటిది గుడ్డల కత్తెర. అది గుడ్డను తప్ప మరి దేన్నీ ముట్టుకోదు. పెళ్ళైన కొత్తలో భగీరథుడు తెలియక ఆ కత్తెరతో సిమెంటు బస్తా తాడు కోశాడు. ఆ సంఘటన ఆ ఇంట్లో చరిత్రను రెండు యుగాలుగా విడగొట్టింది. ఇప్పటికీ ఏదైనా ఎప్పుడు జరిగిందని అడిగితే, "తాడు కోయక ముందా, కోసిన తర్వాతా" అని ఆవిడ ఎదురడుగుతుంది.

రెండో ఆస్తి మేడమీది సీడమ్ మొక్కలు. సీడమ్ అన్నది నర్సరీవాళ్ళ మాట. గోటిముక్కంత దళసరి ఆకులతో కుండీ అంచు దాటి వేలాడేవి కొన్ని, మోకాలెత్తు నిలబడి తలమీద గుత్తులుగా పువ్వులు పెట్టుకునేవి కొన్ని. టైలరమ్మ మాత్రం వాటిని మొండిమొక్కలంటుంది. ఆవిడ కుట్టిన మొట్టమొదటి గౌను తీసుకుని మురిసిపోయిన ఓ తల్లి, మర్నాడు వచ్చి చేతిలో చిన్న కొమ్మ పెట్టి వెళ్ళింది. ఆ కొమ్మే ఇప్పుడు వెడల్పాటి మట్టికుండీలో 'పెద్దమ్మ'. మిగతా కుండీల్లో ఉన్నవన్నీ దాని సంతానమే. చెల్లెళ్ళు, కూతుళ్ళు, మనవరాళ్ళు, దూరపు వరసలు. ఆవిడకు అన్నిటి వరసలూ తెలుసు. కుట్టే ముందు గుడ్డ తడిపిన నీళ్ళేవైనా మిగిలితే, అదీ గుర్తొస్తే, ఓ చెంబెడు పైకి తీసుకెళ్ళేది. లేకపోతే లేదు. నీళ్ళు రాని ఇంటికి నీళ్ళడగని మొక్కలు. ఈడూ జోడూ చూసి కుదిర్చినట్టే ఉండేది సంబంధం.

కాలమంతా తొక్కిన తొక్కుడుకు ఫలితంగా టైలరమ్మ మోకాలు అరిగింది. ఆపరేషను చేసి కొత్తది పెట్టారు. డాక్టరు మేడమెట్లు ఎక్కవద్దన్నాడు. అంతకు కొంచెం ముందే భగీరథుడు రిటైరయ్యాడు. విచిత్రం చూడండి, ఆయన తాళంచెవి అప్పగించిన మరుసటి నెలలోనే వీధికి కొత్త పైపులైను పడి, ఇంట్లో నీళ్ళు బుసలు కొడుతూ రావడం మొదలైంది. ఇందులోని వెటకారాన్ని టైలరమ్మ ఎత్తిచూపలేదనే చెప్పాలి, రోజుకు ఒక్కసారికి మించి.

రిటైరైన భగీరథుడు ఇంట్లో కుర్చీలా తయారయ్యాడు. ఊడ్చేటప్పుడు ఇటు జరపాలి, తుడిచేటప్పుడు అటు జరపాలి. అలాంటి రోజుల్లో, ఆపరేషను కోసం ఆసుపత్రికి బయల్దేరబోతూ టైలరమ్మ మెట్ల వైపు ఓసారి చూసి ఆయనతో అంది:

"మెట్లెక్కగలిగిన రోజున నేను ముందు చూసేది పెద్దమ్మనే. ఇల్లు ఎలాగైనా ఉండనీయండి. అవి మాత్రం ఉండాలి. మీమీదే వదిలేస్తున్నాను."

ఇన్నేళ్ళ కాపురంలో ఇంట్లోది ఒకటి ఆయన చేతికి అప్పగించడం అదే మొదలు. ఆయన గొంతు సర్దుకుని, "నీళ్ళ సంగతి నాకు చెప్పాలా?" అన్నాడు. చెప్పవలసిందేనని అప్పుడు ఇద్దరికీ తోచలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ నడవడానికి నాలుగు కాళ్ళ ఊతకర్ర ఇచ్చారు. అది తిరగడానికి చోటు కోసం కుట్టుమిషనును కిటికీ దగ్గర్నుంచి లోపలి గోడ మూలకు జరిపారు. కంటికి తోడుగా ఉంటుందని పైనుంచి ఓ చిన్న కుండీ తెప్పించుకుని, దాన్ని ఆ మిషను మీదే పెట్టుకుంది టైలరమ్మ. అది మనవరాలి వరస.

పైన మాత్రం స్వర్ణయుగం ఆరంభమైంది. భగీరథుడు పొడవాటి రబ్బరు గొట్టం కొన్నాడు. తూర్పు పిట్టగోడను ఒక వార్డుగా, పడమరను మరో వార్డుగా విభజించాడు. పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత. ఒక్క చుక్క వృథా పోకుండా ప్రతి కుండీ కిందా ప్లాస్టిక్ పళ్ళెం పెట్టాడు. పళ్ళెం నిండి పొర్లితే గాని ఆ కుండీకి సరఫరా పూర్తయినట్టు కాదు. ఊరికి ఎప్పుడూ చెయ్యలేకపోయిన న్యాయం అక్కడ చేశాడు. కొసనున్న కుండీకి కూడా మొదటి కుండీతో సమానంగా అందింది.

మొదట్లో మొక్కలు నిగనిగలాడాయి. ఆకులు బుగ్గల్లా ఉబ్బాయి. పాపం, ఇన్నేళ్ళు దాహంతో ఉన్నాయి కాబోలు అనుకున్నాడు. తర్వాత ఆకులు పసుపుపచ్చగా మారి, వెలుతురు అవతలికి కనపడేంత పల్చబడి, వేలు తగిలితే చాలు రాలసాగాయి. ఆకు వాడితే కారణం దాహమేనన్నది ఆయన ఉద్యోగ జీవితపు సారం. మధ్యాహ్నం మూడో విడత ప్రవేశపెట్టాడు.

దీనికి తోడు బావమరిది ఒకడు. టైలరమ్మకు తమ్ముడు. వీధి మొగలో మందుల దుకాణం నడుపుతాడు. దగ్గుతూ వెళ్ళినవాడికి దగ్గు మందుతో పాటు ఓ బలం సీసా కూడా అంటగట్టందే పంపడు. అక్కను చూడటానికి వచ్చి, బావ మొహం చూసి, పైకెళ్ళి మొక్కల్ని చూసి, నాడి పట్టుకున్నంత గంభీరంగా తేల్చాడు.

"నీరసం బావా. పస లేదు వీటిలో. ఉత్త నీళ్ళు తాగి ఎన్నాళ్ళుంటాయి? కాస్త బలం పట్టించాలి."

బలం పట్టించారు. పశువుల ఎరువు ఒక పొర, దుకాణంలో దొరికే గుళికలు ఒక పొర. నిలబడే రకం మొక్కలు సర్రున పెరిగాయి. పెరిగి, కడుపునిండా తిని చాపల మీద వాలిన చుట్టాల్లా, నాలుగు దిక్కులకూ పడుకున్నాయి. మధ్యలో బోసిగా మట్టి కనిపించింది. బతికున్న కొమ్మల గణుపుల దగ్గర తెల్లటి దూదిలాంటిదేదో పుట్టింది. అది పిండినల్లి అని, రసం పీల్చే పురుగు అని ఆయనకు తెలియదు. మొక్క ఏదో కొత్తగా కాస్తోందని రెండు రోజులు ఆనందించాడు.

కింద టైలరమ్మ రోజూ అడిగేది, "ఎలా ఉన్నాయండీ" అని. మొదటి వారం జవాబు "బ్రహ్మాండం". ఆ తర్వాత "ఫరవాలేదు". ఆపైన ఆయన పాత ఆఫీసు భాషలోకి దిగాడు. "పరిస్థితి అదుపులోనే ఉంది." నీళ్ళ ఆఫీసులో ఆ మాట ఎప్పుడు వాడతారో కాపురం చేసిన ఆవిడకు తెలియదా? అయినా తల దించుకుని గుండీలు కుట్టుకుంది.

మిషను మీది మనవరాలికి ఆయన ఒకసారి గ్లాసుతో నీళ్ళు పోయబోయాడు. అదీ చిక్కి సన్నబడింది మరి. మూలలో వెలుతురు లేక, కిటికీ వైపు మెడ చాచుకుని, ఆకుకూ ఆకుకూ మధ్య జానెడు దూరంతో, గోడ దిగుతున్న తీగలా ఉంది.

"దాని జోలికి రాకండి," అంది టైలరమ్మ. "అదీ నాలాగే వీధి చూడాలని ఆరాటపడుతోంది. అంతే."

ఇలా ఉండగా, మోకాలికి వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి, టైలరమ్మను గదిలో ఆ చివర్నుంచి ఈ చివరకు నడిపించి, తృప్తిగా తల పంకించి, "బాగా పట్టింది అమ్మా. వచ్చే వారం మెట్లు చూద్దాం," అని చెప్పి వెళ్ళింది. ఈ శుభవార్తకు ఇంట్లో ఒక మొహం వికసించింది. రెండో మొహం రంగు మారింది.

భగీరథుడు ఒక్క ఉదుటున మేడెక్కి పెద్దమ్మ ముందు కూర్చున్నాడు. మధ్యనున్న లావు కొమ్మను మెల్లగా కదిపాడు. మగ్గిన అరటిపండులా చేతిలోకి వచ్చేసింది. మొదలు దగ్గర నల్లగా, మెత్తగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ వాసన ఆయనకు కొత్త కాదు. నేల కింద పైపు పగిలి, వారాల తరబడి ఎవరూ చూడక నీళ్ళు నిలిచిపోయిన గుంటలో వచ్చే వాసన అది. ఆ వాసన పట్టుకునే ఎన్నో వీధుల్లో లీకేజీలు కనిపెట్టాడు, మెప్పు పొందాడు. ఇప్పుడూ కనిపెట్టాడు. ఈసారి లీకేజీకి రెండు కాళ్ళు, ఒక రబ్బరు గొట్టం ఉన్నాయి.

మంచివాడు కూడా భయపడితే మొదట వచ్చే ఆలోచన మంచిది కాదు. అచ్చం అలాంటివే కొనుక్కొచ్చి కుండీల్లో పెట్టేద్దామని ఆయన నర్సరీకి వెళ్ళాడు. నర్సరీ నడిపే ఆవిడ ఒక చేత్తో టీ తాగుతూ మరో చేత్తో నారు సంచులు సర్దుతోంది. ఒకేసారి ఇన్ని సీడమ్‌లు దేనికని అడిగింది. ఆయన మొదట బహుమతులన్నాడు. ఆవిడ టీ తాగడం ఆపి చూసింది. నిజాయితీ అలవాటు పడ్డ నోటికి అబద్ధం రెండో వాక్యం దాటదు. మొత్తం చెప్పేశాడు.

"దాని ఆకు చూశారా, బాబాయ్," అంది ఆవిడ ఒకటి తుంచి ఆయన అరచేతిలో పెట్టి. "అదే దాని ట్యాంకు. నిండిన ట్యాంకుకు ఇంకా మోటారు వేస్తే ఏమవుతుంది?"

"పొర్లుతుంది," అన్నాడు భగీరథుడు, వృత్తిపరమైన గౌరవంతో.

"మీ ట్యాంకు పొర్లుతుంది. ఇది పగులుతుంది. కింద వేరుకు ఊపిరాడదు, కుళ్ళుతుంది. దానికి పైన ఎరువొకటి. కూర్చోబెట్టి మేపితే నిలబడే ఓపిక ఎక్కడిది? ఇవి పేదింటి పిల్లలు బాబాయ్, ఇసకా రాళ్ళూ ఎండా ఉంటే చాలు."

ఉన్నవాటిలో గట్టిగా ఉన్న కొమ్మలు కోసుకోమని, కుళ్ళినవి పారేయమని ఆవిడ సలహా ఇచ్చింది. ఇస్తూనే ఆయన అడిగిన కుండీలన్నీ బండికెక్కించింది. సలహా వేరు, వ్యాపారం వేరు.

ఆయన వేసిన పథకం పకడ్బందీగానే ఉంది. ఒక్క లోపం. మిషను మూలకు జరిపినా కిటికీ అక్కడే ఉంది, ఆ మధ్యే అక్కడికి కుర్చీ వేయించుకున్న టైలరమ్మ ఉంది. మేడమెట్లు ఆ కిటికీ ముందునుంచే పైకి వెళతాయి. భగీరథుడు రెండు చంకల్లో రెండు కుండీలు పెట్టుకుని, పిల్లిలా, మూడో మెట్టు మీద కాలు పెట్టాడు.

"చచ్చినవి కిందికి రావాలి గాని, బతికున్నవి పైకి పోతున్నాయేమిటండీ?" అని లోపల్నుంచి వినబడింది.

ఆయన మెట్టు మీదే ఆగిపోయాడు. కుండీలు కింద పెట్టి, గదిలోకి వచ్చి, మంచం అంచున కూర్చున్నాడు. చేతుల మట్టి దులుపుకున్నాడు. మాట ఆవిడే అందుకుంది.

"నాకు తెలుసు లెండి. వాన చినుకు లేదు, మన మేడమీది వాననీళ్ళు దిగే గొట్టం మాత్రం పొద్దునా సాయంత్రం ఏరులా పారుతోంది. ఈ కిటికీ పక్కనే కదా పడేది. మధ్యాహ్నం కూడా మొదలయ్యేసరికి, సరే, అయిపోయాయి అనుకున్నాను."

"మరి చెప్పలేదేం?" ఆయన గొంతులో కోపం కూడా ఉంది. నేరం చేసినవాడికి ఎదుటివాడి తప్పు దొరికితే వచ్చే ఊరట లాంటి కోపం.

టైలరమ్మ కాసేపు గుడ్డ మడత సరిచేసింది.

"చెబుదామనే అనుకున్నాను. మొదటిరోజు నోటిదాకా వచ్చింది. కానీ ఇన్నేళ్ళూ ఊరంతటికీ నీళ్ళు వదిలారు. మన ఇంట్లో నీళ్ళు పారుతున్న చప్పుడు ఎప్పుడైనా విన్నామా? మీ చేత్తో వదిలిన నీళ్ళు, మన గోడ పక్కనే, దడదడా పడుతుంటే... ఇంకో రోజు విందాం అనిపించింది. అలా జరిగిపోయింది. అన్నిటినీ ముంచేస్తారని మాత్రం అనుకోలేదు."

భగీరథుడు లేచి కిటికీలోంచి ఆ గొట్టం వంక చూశాడు. తర్వాత ఆవిడ, పెద్దమ్మను కిందికి తెమ్మని చెప్పింది.

కుండీలన్నీ ఒక్కొక్కటే దిగాయి. నేలమీద పాత దుప్పటి పరిచారు. టైలరమ్మ కుర్చీలో కూర్చుని కుట్టుకు వచ్చిన చిరుగుల్ని చూసినట్టు ప్రతి మొక్కనూ తిప్పి తిప్పి చూసింది. పెద్దమ్మ నడిమి భాగం పూర్తిగా పోయింది. అది ఆయన ఒక్కడి ఘనత కాదనీ, ముసలి గుబురుకు నడుమ బోడి కావడం మామూలేననీ, రెండేళ్ళుగా విడదీయాలనుకుంటూ తానే బద్ధకించాననీ ఆవిడ ఒప్పుకుంది. చుట్టూ అంచున ఉన్న కొమ్మలు కొన్ని నొక్కి చూస్తే గట్టిగానే ఉన్నాయి. మిగతా కుండీల్లో ఒకదాంట్లో రెండు, ఒకదాంట్లో నాలుగు. కొన్నిట్లో ఏమీ లేదు.

"చాలు. ఇవి మొండివి," అంది. అని, సొరుగు తెరిచి గుడ్డల కత్తెర తీసింది.

భగీరథుడు గుడ్లప్పగించి చూశాడు. వంటింట్లో వేరే కత్తెర ఉందని గుర్తుచేశాడు. అది మొద్దుది, కొమ్మను నలిపేస్తుంది, నలిగిన చోట మళ్ళీ కుళ్ళు పడుతుంది అంటూ ఆవిడ కత్తెరను ఆయన చేతిలో పెట్టింది. సిమెంటు బస్తా నాటి నుంచి ఆ చేతికి నిషిద్ధమైన కత్తెర. ఆయన దాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. నలుపు ఎక్కడా మిగలకుండా, గట్టి భాగంలోకి వచ్చేదాకా కోయమంది. కోశాడు. వాలిపోయిన పొడుగు మొక్కల్ని సగానికి కోయమంది. అదీ చేశాడు. చివరికి మిషను మీది మనవరాలి వంతు వచ్చింది. దాని సాగిన మెడను మాత్రం ఆవిడ తనే కోసింది. నీళ్ళు ఎక్కువైతే మీ తప్పు, వెలుతురు తక్కువైతే నా తప్పు, చెల్లుకు చెల్లు అన్నట్టు ఓసారి ఆయన వంక చూసింది.

పిండినల్లి సంగతి చూడటానికి బావమరిదిని పిలిచారు. ఈసారి బలం సీసా తేకుండా స్పిరిట్, దూది తెచ్చాడు. దూదిని స్పిరిట్లో ముంచి గణుపు గణుపునా తుడుస్తూ, ఇంజక్షన్ ఇచ్చేముందు చేసే పనేనని, తనకు ఇందులో విశేషానుభవం ఉందని చెప్పుకున్నాడు. ఎరువు సలహా ఎవరిచ్చారన్న ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రం దుకాణంలో ఎవరో పిలుస్తున్నట్టు విన్నాడు.

కోసిన కొమ్మల్ని వెంటనే నాటలేదు. కోత ఆరి పక్కు కట్టేదాకా, రెండు మూడు రోజులు, కాగితం పరిచి మిషను మీద నీడలో ఆరబెట్టింది టైలరమ్మ. ఈలోగా భగీరథుడు పాత మట్టి పారబోసి, ముతక ఇసుకా ఇటుక ముక్కలూ సగం, మామూలు మట్టి సగం కలిపాడు. కుండీ అడుగున చిల్లులు ఉన్నాయో లేదో పుల్లతో పొడిచి చూశాడు. ప్లాస్టిక్ పళ్ళేలన్నీ తీసి బావమరిదికి దానం చేశాడు. కొమ్మలు నాటి, మేడమీద మెట్ల గది గోడ పక్కన, పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోట పెట్టాడు. నర్సరీ నుంచి వచ్చిన కొత్త మొక్కలు ఎదురు వరసలో, పెళ్ళిచూపులకొచ్చిన మగపిల్లవాడి తరఫువాళ్ళలా బిగుసుకుని నిలబడ్డాయి. ఇక వేళ్ళు పట్టేదాకా నీళ్ళు పోయకూడదని టైలరమ్మ శాసనం.

వ్యాయామం అమ్మాయి చెప్పిన వారం వచ్చింది. టైలరమ్మ రెండు మెట్లు ఎక్కి, దిగింది. ఇంకా ఎక్కగలరు అంది ఆ అమ్మాయి. "అవి వేళ్ళు పట్టనీయండి. అప్పుడు ఎక్కుతాను. తొందరేం లేదు," అని ఆవిడ మళ్ళీ కుర్చీలో కూర్చుంది. దాంతో విషయం మళ్ళీ భగీరథుడి మెడకే చుట్టుకుంది. ఆవిడ మేడెక్కడం ఇప్పుడు మోకాలి మీద ఆధారపడి లేదు. ఆయన చెయ్యి ఊరుకోవడం మీద ఆధారపడి ఉంది.

ఊరుకోవడమంత కష్టమైన పని లేదు. పొద్దున్నే చేతులు వాటంతటవే గుండ్రంగా తిరిగేవి. ఒకరోజు గొట్టం దాకా వెళ్ళి, కుళాయి మీద చెయ్యి వేసి, కింద కిటికీలోంచి టైలరమ్మ దగ్గు వినబడి వెనక్కి వచ్చాడు. ఆ సాయంత్రం కాఫీ గ్లాసు అందిస్తూ టైలరమ్మ మామూలుగా అన్నట్టే ఒక మాట అంది.

"వాల్వు తెరవడం ఒక్కటేనా మీ ఉద్యోగం? రోజూ మూసింది కూడా మీరేగా."

ఆ మాట ఆయన మీద పనిచేసిందని చెప్పడానికి సాక్ష్యం ఉంది. మర్నాడు మేడ తలుపు మీద సుద్దముక్కతో, గుండ్రటి అక్షరాలతో, పూర్వం ఊళ్ళో గోడలమీద అతికించిన ప్రకటనల ఫక్కీలో ఇలా కనిపించింది: "ప్రజలకు విజ్ఞప్తి. మరమ్మతుల కారణంగా ఈ ప్రాంతానికి నీటి సరఫరా తదుపరి ఉత్తర్వుల వరకు నిలిపివేయడమైనది. అసౌకర్యానికి చింతిస్తున్నాము." ఆ ప్రకటనను రాసినవాడే రోజూ చదివి, నిట్టూర్చి, కుండీల ముందు చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు చేసి, దిగి వచ్చేవాడు. ప్రజలు మాత్రం ఏ ఫిర్యాదూ చెయ్యలేదు. మూడు కొమ్మలు ఎండిపోయాయి. అవి ఆయన నిద్రను కొంచెం తిన్నాయి. మిగతావి ముడుచుకుని, ఏమీ జరగనట్టు, మొండిగా కూర్చున్నాయి.

ఒక ఉదయం ఆయన కిందికి వచ్చి, చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని, కుర్చీ ముందు నిలబడ్డాడు.

"తనిఖీకి రావచ్చు," అన్నాడు.

టైలరమ్మ ఊతకర్ర పక్కన పెట్టి, రెయిలింగు పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కింది. వెనక బావమరిది, పడితే పట్టుకుందామని, రెండు చేతులూ చాచి, తనే పడేలా ఎక్కాడు. తలుపు మీది ప్రకటన దగ్గర ఆవిడ ఆగి మొత్తం చదివింది. పెదవి బిగబట్టుకుంది. తర్వాత పెద్దమ్మ కుండీ దగ్గర స్టూలు వేయించుకుని కూర్చుంది.

అంచు కొమ్మను రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగింది. రాలేదు. కింద ఎవరో గట్టిగా పట్టుకుని ఉన్నారు. ఇంకోటి లాగింది. అదీ రాలేదు. కొన దగ్గర గుండుసూది తలంత కొత్త ఆకులు, నాలుగు, లేత ఆకుపచ్చగా. సగానికి కోసిన పొడుగు మొక్కలకు కోత కింద రెండేసి చిగుళ్ళు పొడుచుకొచ్చాయి, ఈసారి పొట్టిగా, నిటారుగా. మనవరాలు వెలుతురు దొరికి మెడ చాచడం మానేసింది. టైలరమ్మ ఒక్కొక్క కుండీనీ వరస పెట్టి పలకరించింది. ఎవరు పోయారో, ఎవరు మిగిలారో ఆవిడకు అడగకుండానే తెలిసింది. మొహం మాత్రం కుట్టు సరిగ్గా కుదిరిన గౌనును హ్యాంగరుకు తగిలించి చూసుకున్నప్పటి మొహం.

ఆవిడ వెనకాల భగీరథుడు నిండు చెంబుతో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు తెచ్చాడో ఎవరూ చూడలేదు.

"వదలొచ్చా?" అని అడిగాడు.

టైలరమ్మ చూపుడువేలు మట్టిలోకి సగం దాకా దించింది. పొడిగా ఉంది. తీసి, చీర కొంగుకు తుడుచుకుంది.

"వదలండి," అంది. "కాకపోతే, మన వీధికి వదిలేవారే, అలా."

బావమరిదికి అర్థం కాలేదు. భగీరథుడు చెంబు వంచి, ధార మొదలవగానే, అలవాటైన చేత్తో దాన్ని అర చుట్టు వెనక్కి తిప్పాడు. నీళ్ళు దారప్పోగులా పెద్దమ్మ మీద పడ్డాయి.